పన్ను పీకించినా పోని దవడ నొప్పి: అది నరం నొప్పి అయితే ఏం చెయ్యాలి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. అమ్మకి 58 ఏళ్ళు, హిందూపురం నుంచి మారతహళ్ళిలో మీ దగ్గరికి వచ్చారు, కొన్ని నెలలుగా కుడివైపు కింది దవడలో నొప్పి, ఊళ్ళో ఒక పన్ను పీకారు, ఇక్కడ పక్కదానికి రూట్ కెనాల్ చేశారు, అయినా పోలేదు, ఇప్పుడు ఇంకో పన్ను కూడా తీసేద్దాం అంటున్నారు. మధ్యలో ఒక ఫిజీషియన్ కార్బమజెపిన్ రాస్తే మెడికల్ షాపులో అది ఫిట్స్ మాత్ర కదా అన్నారని నాలుగు రోజులకే ఆపేశారు, ఆపాక నొప్పి ఇంకా ఎక్కువైంది. ఎంఆర్ఐ తీయించాలా, ఆపరేషన్ అంటే భయం, అమ్మేమో ఊరికి పంపించెయ్యమంటోంది. ఇదీ మీరడిగింది. నేను ఓరల్ మెడిసిన్ (నోరు, దవడ జబ్బుల చదువు) చేసిన డెంటిస్టుని, ప్రాక్టీసు బెంగళూరులోనే, నా దగ్గరికి వచ్చేవాళ్ళలో పళ్ళ నొప్పుల కంటే ముఖం నొప్పులవాళ్ళే ఎక్కువ, అందుకని కాస్త పొడుగ్గానే రాస్తా.

ముందు ఆ పన్ను సంగతి. ఇప్పుడు పీకించకండి. ఎక్స్‌రేలో ఏమీ లేదని మీరే రాశారు, వాపు లేదు, చీము లేదు, పన్ను కదలట్లేదు, అలాంటప్పుడు "తీసి చూద్దాం" అనేది వైద్యం కాదు, ఊహ. తీసిన పన్ను మళ్ళీ రాదు, నొప్పి మాత్రం అక్కడే ఉంటుంది.

ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే మీరు రాసిన రెండు మూడు మాటల వల్ల. పొద్దున మొహం కడుక్కుంటే చెయ్యి తగలగానే దవడ మీద కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమంటుంది, నాలుగైదు సెకన్లు ఉండి పోతుంది, మళ్ళీ నోట్లో ముద్ద పెట్టుకోగానే వస్తుంది, మాట్లాడబోతే వస్తుంది, మధ్యలో ఏమీ ఉండదు, రాత్రి పడుకుంటే చాలావరకు బాగానే నిద్ర పడుతుంది అన్నారు. ఇది చదివిన ఏ డాక్టరుకైనా మొదట గుర్తొచ్చేది ట్రైజెమినల్ న్యూరాల్జియా, అంటే ముఖం నరం నొప్పి. నేను అమ్మని చూడలేదు కాబట్టి అదే అని ఖాయంగా చెప్పను, కానీ ఈ జబ్బుని పట్టుకునేది స్కాను కాదు, రక్త పరీక్షా కాదు, మనిషి చెప్పే కథే. ఎంతసేపుంటుంది, దేనితో మొదలవుతుంది, ఎక్కడ మొదలై ఎక్కడికి పాకుతుంది, ఈ మూడూ ఓపిగ్గా అడిగితే సగం తేలిపోతుంది. మన ఓపీల్లో ఆ ఓపికకే టైం ఉండదు, అదీ అసలు తిప్పలు.

ముఖానికి స్పర్శ ఇచ్చేది మెదడు నుంచి వచ్చే 5వ నరం, దాన్నే ట్రైజెమినల్ అంటారు, ఒక్కో వైపు ఒకటి. దానికి మూడు కొమ్మలు. పైది నుదురు, కన్ను, నడిమిది చెంప, ముక్కు పక్క, పై పళ్ళు, కిందిది దవడ, కింది పళ్ళు, గడ్డం, నాలుక ముందు భాగం. నొప్పి ఎక్కువగా నడిమి, కింది కొమ్మల్లో వస్తుంది, అందుకే జనం న్యూరాలజిస్టు దగ్గరికి కాకుండా ముందు మా డెంటిస్టుల దగ్గరికే వస్తారు. నుదుటి కొమ్మలో మాత్రమే రావడం చాలా తక్కువ. ఒక వైపే వస్తుంది, కుడివైపు కాస్త ఎక్కువ, ఆడవాళ్ళలో ఎక్కువ, 50 దాటినవాళ్ళలో ఎక్కువ. అమ్మ లెక్కకి సరిపోతారు. ఇంకోటి, చుట్టాలెవరో "మూతి వంకరపోతుంది జాగ్రత్త" అన్నారని భయపడుతున్నారు కదా, మూతి వంకరపోయేది 7వ నరం దెబ్బతింటే, అది ముఖాన్ని కదిలించే నరం, ఇది వేరు. ఈ నొప్పి వల్ల మూతి వంకరపోదు, పక్షవాతమూ రాదు, ఆ మాట అమ్మకి ఇవ్వాళే చెప్పండి.

ఇక పన్ను నొప్పికీ దీనికీ తేడా. పన్ను పుచ్చి లోపల నరం వాస్తే వేడికో చల్లదనానికో సలుపు మొదలై నిమిషాలు, గంటలు ఉంటుంది, రాత్రి లేపి కూచోబెడుతుంది, పెయిన్ కిల్లర్ వేస్తే కాస్తయినా తగ్గుతుంది. న్యూరాల్జియా నొప్పి సెకన్లలో, మహా అయితే రెండు నిమిషాల్లో పోతుంది, తాకితే, గాలి తగిలితే, బ్రష్ పెడితే వస్తుంది, నొప్పి తెప్పించేంత బలమైన పని ఏదీ చెయ్యక్కర్లేదు, ఊరికే తగిలితే చాలు. డోలో, కాంబిఫ్లామ్, డైక్లోఫినాక్ ఏవి వేసినా దానికి లెక్క లేదు. ఒక్కసారి గట్టిగా వచ్చాక కాసేపు అదే చోట తాకినా రాకపోవచ్చు కూడా, పేషెంట్లు ఆ సందులోనే గబగబా నాలుగు ముద్దలు తినేస్తుంటారు.

ఇక్కడ డెంటిస్టులు పడిపోయే గుంటలు రెండున్నాయి, మా వాళ్ళని తిట్టడానికి కాదు, మీకు తెలియాలని చెప్తున్నా. ఒకటి, మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చూడటం. పన్ను దగ్గర మత్తిస్తే నొప్పి ఆగింది కాబట్టి తప్పు పన్నుదే అనుకుంటారు, కానీ న్యూరాల్జియాలో కూడా తాకితే నొప్పి రేగే చోట మత్తిస్తే నొప్పి ఆగుతుంది, అంచేత ఆ పరీక్ష ఒక్కటే పెట్టుకుని పన్ను తీసెయ్యకూడదు. రెండోది, పన్ను తీశాక కొన్నాళ్ళు నొప్పి నిజంగానే తగ్గడం. ఈ జబ్బు తీరే అంత, వారాలు, నెలలు దానంతటదే మాయమై మళ్ళీ వస్తుంది. సరిగ్గా ఆ టైంలో పన్ను పీకి ఉంటే పేరు పన్నుకి పోతుంది, మళ్ళీ రాగానే పక్క పన్ను మీద పడతారు. మీ అమ్మకి మొదటి పన్ను తీశాక కొన్ని వారాలు బాగున్నారన్నారు చూడండి, అది ఇదే అయ్యుండొచ్చు. అలా ఒక వైపు పళ్ళన్నీ పోగొట్టుకుని వచ్చినవాళ్ళని కూడా చూశాను.

అయితే పన్ను వైపు ఒక్కటి మాత్రం వదలకుండా చూడాలి, పగిలిన పన్ను. సన్నటి చీలిక ఉంటే ఎక్స్‌రేలో కనబడదు, కొరికినప్పుడు, ముఖ్యంగా కొరికి వదిలినప్పుడు, చురుక్కుమని సెకనులో పోతుంది, అచ్చం ఇలాగే అనిపిస్తుంది. కానీ అది మొహం కడిగితే రాదు, మాట్లాడితే రాదు. ఒక్కో పన్ను మీదా విడివిడిగా కొరికించి చూస్తే తెలుస్తుంది. రూట్ కెనాల్ చేసిన పన్నుకి పైన తాత్కాలిక సిమెంటు మాత్రమే ఉంటే దాన్ని అలా వదలకుండా పూర్తి చేయించండి, అది వేరే పని, నొప్పి అదుపులోకి వచ్చాక, నోరు హాయిగా తెరవగలిగిన రోజున.

బెంగళూరులో ఈ పేషెంట్లని దూరం నుంచే గుర్తుపట్టొచ్చు అనిపిస్తుంది నాకు ఒక్కోసారి. డిసెంబరు, జనవరి చలిగాలికి ఎక్కువమంది వస్తారు, టూవీలర్ మీద వచ్చినవాళ్ళు చెంపకి మఫ్లర్ చుట్టుకుని ఉంటారు, మెట్రోలో ఏసీ గాలి తగిలే చోట కూచోరు, మగవాళ్ళు సగం మొహానికి గడ్డం గీసుకుని సగం వదిలేస్తారు, ఆడవాళ్ళు ముక్కుపుడక తీసేస్తారు, మాట అడిగితే పెదవి కదపకుండా జవాబిస్తారు. మన రాయలసీమవాళ్ళు సంగటి తింటారు, ఎందుకంటే నమలక్కర్లేదు, మింగితే చాలు. ఒక పెద్దాయన నెలల తరబడి రాగి అంబలి మీదే ఉన్నాడు, బరువు తగ్గిపోతే ఇంట్లోవాళ్ళు క్యాన్సరేమో అని తీసుకొచ్చారు. అమ్మ కూడా తిండి తగ్గించేశారు అన్నారు కాబట్టి చెప్తున్నా, మెత్తగా, గోరువెచ్చగా, నొప్పి లేని వైపు నుంచి పెట్టండి, నీళ్ళు స్ట్రాతో తాగితే కొందరికి సులువు, కొందరికి పెదవి బిగిస్తేనే వస్తుంది, ఏది పడుతుందో ఆవిడకే తెలుస్తుంది.

ఎందుకొస్తుంది అంటే, చాలామందిలో నరం మెదడు కాండం నుంచి బయటికొచ్చే చోట ఒక రక్తనాళం, ఎక్కువగా సుపీరియర్ సెరెబెల్లార్ ఆర్టరీ అనేది, దాన్ని ఒత్తుతూ గుండె కొట్టుకున్నప్పుడల్లా తడుతూ ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ నరం మీద పొర అరిగిపోతుంది, మోటరు వైరు మీద ప్లాస్టిక్ ఒరుసుకుపోయి లోపలి తీగలు ఒకదానికొకటి తగిలినట్టు. అప్పుడు మామూలు స్పర్శ తీసుకెళ్ళే పోగుల నుంచి నొప్పి పోగుల్లోకి సిగ్నల్ దూకుతుంది, అందుకే నీళ్ళు తగిలినా షాకే. కొద్దిమందిలో వేరే కారణం ఉంటుంది, ఆ నరం దగ్గర ఏదైనా గడ్డ, లేదా మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అనే, నరాల మీది పొర దెబ్బతినే జబ్బు. ఇంకొందరిలో ఎంత వెతికినా ఏమీ కనబడదు.

అందుకే ఎంఆర్ఐ ఒక్కసారైనా తీయించాలి, మీ ప్రశ్నకి నా జవాబు అవును. కానీ దేనికి తీయిస్తున్నారో తెలుసుకుని తీయించండి. మొదటి పని గడ్డ, ఎంఎస్ లేవని చూడటం, రెండోది రక్తనాళం నరాన్ని ఎంత ఒత్తుతోందో చూడటం. మామూలు బ్రెయిన్ ఎంఆర్ఐలో ఆ రెండోది సరిగ్గా కనబడదు, ఆ నరం చోటుకి సన్నటి ముక్కలుగా తీసే సీక్వెన్స్ ఉంటుంది, మెషీన్‌ని బట్టి ఫియెస్టా అనో సిస్ అనో అంటారు, రాసే డాక్టరు చీటీ మీద ట్రైజెమినల్ న్యూరాల్జియా ప్రోటోకాల్ అని రాస్తే స్కానింగ్ సెంటర్లో వాళ్ళకి అర్థమవుతుంది. లేకపోతే ఒకసారి డబ్బు కట్టి తీయించి, సర్జన్ దగ్గరికెళ్ళాక ఆయన మళ్ళీ తియ్యమంటాడు. ఇంకో మాట, రిపోర్టులో రక్తనాళం తగిలిందని రాసినంత మాత్రాన జబ్బు ఖాయం కాదు, నొప్పి లేనివాళ్ళలోనూ అలా తగులుతూ కనబడుతుంది. ముందు కథ, తర్వాతే స్కాను.

ఎవరిలో తొందరపడాలంటే: చెంప మొద్దుబారితే, ఆ వైపు చెవి వినికిడి తగ్గితే, రెండు వైపులా నొప్పి వస్తే, 40 లోపు వయసులో మొదలైతే, నడకలో తూలుడు ఉంటే. మీ అమ్మకి ఇవేవీ ఉన్నట్టు రాయలేదు, అయినా దూదితో రెండు చెంపలూ తాకి తేడా ఉందా అని డాక్టరు చూడాల్సిందే.

ముఖం నొప్పులన్నీ ఇదే కాదు, అది కూడా చెప్పాలి. రోజంతా మందంగా, దవడ కీలు దగ్గర, నమిలితే ఎక్కువయ్యేది కీలు, కండరాల నొప్పి. సర్పి లేచి మానాక అదే చోట మంటగా మిగిలేది సర్పి తర్వాతి నరం నొప్పి. పన్ను పీకాకో ఇంప్లాంట్ పెట్టాకో అదే చోట మంట, తిమ్మిరి ఉండిపోతే అక్కడి నరం దెబ్బతిన్నట్టు. గొంతులో, చెవి లోపల షాక్‌లు, మింగితే వస్తే అది 9వ నరం. ఏ పరీక్షలోనూ ఏమీ దొరకకుండా రోజంతా లోలోపల నొప్పిగా ఉండేది ఇంకోటుంది, దానికి అమిట్రిప్టిలిన్ లాంటివి పనిచేస్తాయి, సర్జరీ చేస్తే చెడుతుంది. వీటిలో వెంటనే పరిగెత్తాల్సింది ఒక్కటే, 50 దాటిన మనిషికి కొత్తగా కణతల్లో నొప్పి, తల దువ్వుకుంటే నొప్పి, నములుతుంటే దవడ అలిసిపోయి ఆగిపోవడం, చూపు మసకబారడం. అది కణత దగ్గరి రక్తనాళం వాపు, ఆలస్యం చేస్తే కన్ను పోతుంది, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇప్పుడు మాత్ర సంగతి, ఇక్కడే కాస్త ఆగి చదవండి. కార్బమజెపిన్ ఫిట్స్ మాత్రే, అబద్ధం కాదు. కానీ స్వీడన్‌లో బ్లోమ్ అనే డాక్టరు 1962లోనే ఇది ఈ నొప్పికి పనిచేస్తుందని రాశాడు, అమెరికాలో దీనికి 1968లో మొదట అనుమతి వచ్చింది ఈ ముఖం నొప్పికే, ఫిట్స్‌కి వచ్చింది ఆ తర్వాత 1974లో. ఇప్పటికీ మొదట రాసే మందు ఇదే. ఎక్కువగా ఉలిక్కిపడుతున్న నరాన్ని శాంతపరచడమే దాని పని, ఆ నరం మెదడులో ఉందా ముఖంలో ఉందా అనేది దానికి పట్టదు. మెడికల్ షాపతను చెడ్డ ఉద్దేశంతో అనలేదు, కానీ డాక్టర్ని అడగకుండా ఆపడం తప్పు, ఒక్కసారిగా ఆపితే నొప్పి విరుచుకుపడుతుంది, మీకు జరిగిందదే అనిపిస్తోంది. ఒకవేళ ఎవరికైనా నిజంగా ఫిట్స్ కూడా ఉంటే ఒక్కసారిగా ఆపడం ఇంకా ప్రమాదం.

మామూలుగా 100 మిల్లీగ్రాములతో, రోజుకి ఒకటో రెండో సార్లు మొదలుపెట్టి, కొన్ని రోజులకోసారి కొద్దికొద్దిగా పెంచుతారు, చాలామందికి రోజు మొత్తం 400 నుంచి 800 మధ్య అదుపులోకి వస్తుంది, కొందరికి 1200 దాకా వెళ్ళాల్సొస్తుంది. పెద్దవాళ్ళకి ఇంకా నిదానంగా. ఇవి మీకు అర్థం కావడానికి చెప్తున్న అంకెలు, ఇంట్లో మీరే పెంచుకోడానికి కాదు. నొప్పి వచ్చినప్పుడు వేసుకునే మాత్ర కాదిది, నొప్పి ఉన్నా లేకపోయినా టైంకి వేసుకోవాలి. పనిచేసేవాళ్ళకి రెండు మూడు రోజుల్లోనే తెలిసిపోతుంది, పొద్దున లేచి భయపడుతూ మొహం కడుక్కుని, ఏమీ కాకపోతే నమ్మలేక మళ్ళీ కడుక్కుంటారు. ఆ తొందర గుణమే ఇది న్యూరాల్జియా అనడానికి ఇంకో గట్టి సూచన.

ఒక విషయం చాలామందికి ముందే చెప్పరు. మూడు నాలుగు వారాలయ్యేసరికి అదే డోసు చాలకుండా పోతుంది. మందు అలవాటైపోయిందని, ఇక పనిచెయ్యదని జనం అనుకుంటారు. నిజానికి ఈ మందే కాలేయాన్ని రేపి తనని తానే త్వరగా కరిగించుకునేలా చేస్తుంది, అందుకని అప్పుడొకసారి కొంచెం పెంచాల్సొస్తుంది, తర్వాత నిలబడుతుంది. ఆ వారంలో డాక్టర్ని కలిసేలా ముందే అపాయింట్‌మెంట్ పెట్టుకోండి.

ఇబ్బందులు ఉంటాయి, దాచను. మగత, తల తిరగడం, తూలడం, వస్తువులు రెండుగా కనబడటం, ఇవి ఎక్కువగా డోసు తొందరగా పెంచితే. మొదటి వారాల్లో అమ్మ రాత్రి బాత్రూంకి లేస్తే ఎవరో ఒకరు పక్కనుండండి, ఈ మందుకంటే బాత్రూంలో పడి తుంటి విరగడం పెద్ద ఆపద. మాత్ర మొదలెట్టే ముందు రక్తకణాలు, లివర్, సోడియం చూపించి, కొన్ని వారాల తర్వాత మళ్ళీ చూపించాలి. సోడియం సంగతి మీకు మరీ ముఖ్యం, అమ్మ బీపీ మాత్ర వేసుకుంటారన్నారు, ఆ స్ట్రిప్ మీద పేరు చివర హెచ్ అని ఉందా, లేదా హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్తాలిడోన్ అని సన్న అక్షరాల్లో ఉందా చూడండి. అవి ఒంట్లో నీళ్ళతోపాటు సోడియాన్నీ తీస్తాయి, కార్బమజెపిన్‌తో కలిస్తే సోడియం బాగా పడిపోయి మనిషి తికమకగా, వాంతులతో, నీరసంగా అయిపోవచ్చు. ఉంటే బీపీ మాత్ర మార్చమని అడగండి, దానికి చాలా ప్రత్యామ్నాయాలున్నాయి.

దద్దుర్ల విషయంలో మాత్రం నిమిషం కూడా ఆలోచించొద్దు. మొదటి రెండు నెలల్లో ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుండ్లు, కళ్ళు ఎర్రబడటం, జ్వరం, వీటిలో ఏది కనబడినా మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అరుదే కానీ చర్మం ఊడిపోయే స్థాయికి వెళ్ళగలదు. ఆసియా మూలాలవాళ్ళలో కొందరికి హెచ్ఎల్ఏ బి 1502 అనే జన్యువు ఉంటే ఆ ప్రమాదం ఎక్కువ, అందుకని మందు మొదలెట్టే ముందే ఆ రక్త పరీక్ష చేయించే డాక్టర్లున్నారు, మీరూ అడగండి. అమ్మ ఇదివరకు నాలుగు రోజులు వేసుకుని ఏమీ కాలేదు కదా అని ధైర్యపడకండి, నాలుగు రోజులు చాలా తక్కువ. ఇంకా, దీనితో ఇతర మందులు కలబడతాయి: జలుబు, గొంతుకి క్లారిత్రోమైసిన్ రాస్తే కార్బమజెపిన్ ఒంట్లో పెరిగిపోయి మనిషి తూలిపోతారు, అటు అమ్లోడిపిన్, కొలెస్ట్రాల్ మాత్రలు, రక్తం పలచబడే మందులు, గర్భనిరోధక మాత్రలు వీటి బలం ఇది తగ్గిస్తుంది. ఏ డాక్టర్ దగ్గరికెళ్ళినా మొదటి మాట "కార్బమజెపిన్ మీద ఉన్నాం" అని చెప్పాలి.

ఇది పడకపోతే ఆక్స్‌కార్బజెపిన్ ఉంది, దానికి మగత, కలబడటం కాస్త తక్కువ, సోడియం పడిపోవడం మాత్రం ఎక్కువ, పైగా మొదటిదానికి దద్దుర్లు వచ్చినవాళ్ళలో కొందరికి ఇదీ పడదు. లామోట్రిజిన్, బాక్లోఫెన్, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, బోటాక్స్ ఇంజెక్షన్లు, ఇవన్నీ రెండో వరసవి, ఒంటరిగానో తోడుగానో వాడతారు. ఇక నరాల విటమిన్ అని రాసే మిథైల్‌కోబాలమిన్ మాత్రలు, బి12 తక్కువుంటే తప్ప, ఈ షాక్‌లని ఆపవు. లవంగ నూనె చిగురుని కాలుస్తుంది, నరం దాకా పోదు. చెంప మీద గట్టిగా మర్దన చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్తే ఇంకా రెచ్చగొట్టినట్టే.

ఎప్పుడైనా షాక్‌లు ఒకదాని మీద ఒకటి వచ్చి మంచినీళ్ళు, మాత్ర కూడా మింగలేని రోజు వస్తే ఇంట్లో కూచోకండి, ఎమర్జెన్సీకి వెళ్ళండి. సెలైన్ పెట్టి, గుండె మానిటర్ మీద ఉంచి ఫెనిటాయిన్ లాంటి ఫిట్స్ మందు రక్తనాళంలోకి ఇస్తారు, లేదా ముఖం నరానికి మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, ఆ కొన్ని గంటల సందులో మాత్రలు సర్దుతారు.

ఆపరేషన్ ఎప్పుడు అంటే, మందు పనిచెయ్యనప్పుడు, లేదా పనిచేసే డోసులో మనిషి మనిషిలా ఉండలేనప్పుడు. అన్ని మందులూ ఒకటి తర్వాత ఒకటి ఏళ్ళ తరబడి తిరగేసి చివరికి సర్జన్ దగ్గరికి పంపడం నాకు నచ్చదు. ఒకసారి ముందే వెళ్ళి మాట్లాడి రావడంలో నష్టం లేదు, కలిస్తే కోసెయ్యరు.

అసలు మూలానికి చేసేది మైక్రోవాస్కులర్ డీకంప్రెషన్, ఎంవీడీ అంటారు. చెవి వెనక చిన్న కిటికీలా ఎముక తీసి, మైక్రోస్కోప్ కింద ఆ రక్తనాళాన్ని నరం నుంచి పక్కకి జరిపి మధ్యలో టెఫ్లాన్ దూది పెడతారు. నరాన్ని కొయ్యరు. రక్తనాళాలు ఒత్తుతున్నాయని వాల్టర్ డాండీ 1934లోనే రాశాడు, 1960ల్లో పీటర్ జానెట్టా అనే అమెరికన్ సర్జన్ దాన్ని మైక్రోస్కోప్‌తో ఆపరేషన్‌గా నిలబెట్టాడు. 1996లో ఆయన బృందం 1185 మంది ఫలితాలు అచ్చేస్తే, పదేళ్ళ తర్వాత కూడా 70 శాతం మందికి మందుల్లేకుండానే నొప్పి లేదు. ప్రమాదాలూ ఉన్నాయి, ఆ వైపు వినికిడి పోవడం, మెదడు నీరు కారడం, ముఖం మొద్దుబారడం, బాగా అరుదుగా స్ట్రోక్, ప్రాణాపాయం. స్కానులో స్పష్టంగా ఒత్తిడి కనబడి, నొప్పి అచ్చంగా షాక్‌ల్లాగే వస్తూ, మత్తు తట్టుకునే ఒళ్ళుంటే ఇదే మంచిది అంటాను నేను. 58 ఏమంత వయసు కాదు. మధ్యమధ్యలో కాకుండా రోజంతా మందంగా కూడా నొప్పి ఉండేవాళ్ళకి ఫలితం కాస్త తగ్గుతుంది.

మత్తు పెద్దగా తట్టుకోలేనివాళ్ళకి చెంప నుంచి సూది పంపి పుర్రె అడుగున ఉన్న రంధ్రం గుండా నరం ముడిని చేరి వేడితోనో, గ్లిజరిన్‌తోనో, చిన్న బెలూన్‌తో నొక్కో చేసేవి ఉన్నాయి. ఒకటి రెండు రోజుల్లో ఇంటికి. ఉపశమనం వెంటనే, కానీ చెంప కొంత మొద్దుబారుతుంది, కొన్నేళ్ళకి నొప్పి తిరిగి రావడం ఎంవీడీ కంటే ఎక్కువ. గామా నైఫ్‌లో కత్తి ఉండదు, రేడియేషన్ కిరణాలు నరం మొదట్లో పడతాయి, అయితే గుణం తెలియడానికి వారాలు, నెలలు పడుతుంది, ఆ లోపల మాత్రలు ఆపకూడదు. "లేజర్‌తో ఒక్క సిట్టింగ్‌లో నరం నొప్పి మాయం" బోర్డులు పెట్టే చోట్లకి వెళ్ళేముందు మాత్రం ఈ మూడింట్లో ఏది చేస్తున్నారో పేరు అడగండి, చెప్పలేకపోతే వచ్చెయ్యండి.

బెంగళూరులో ఉండటం మీ అదృష్టమే అనాలి. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ ఉంది, న్యూరాలజీ, న్యూరోసర్జరీ, గామా నైఫ్ అన్నీ ఒకే ఆవరణలో. అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి నిత్యం జనం వస్తుంటారు కాబట్టి వరండాలో తెలుగు బాగానే వినబడుతుంది. రద్దీ మాత్రం మామూలుగా ఉండదు, తెల్లారి బయల్దేరండి, మారతహళ్ళి నుంచి సిల్క్ బోర్డు దాటడానికే టైం పోతుంది. ప్రైవేటు అయినా పర్లేదు, సర్జరీ మాట వస్తే మాత్రం "మీరు ఏడాదికి ఎన్ని ఎంవీడీలు చేస్తారు" అని నిర్మొహమాటంగా అడగండి, మంచి సర్జన్ నొచ్చుకోడు. పోయేటప్పుడు పాత ఎక్స్‌రేలు, వేసుకునే అన్ని మాత్రల స్ట్రిప్పులు, ఒక కాగితం మీద రోజుకి ఎన్నిసార్లు, ఎంతసేపు, దేనితో వస్తోందో రాసుకుని పోండి. షాక్ వచ్చినప్పుడు అమ్మ ఒప్పుకుంటే ఫోనులో వీడియో తీసుకోండి, ఓపీలో ఆ టైంకి నొప్పి రాకపోతే అదే సాక్ష్యం.

నెట్‌లో ఈ జబ్బుకి భయంకరమైన మారుపేరు ఒకటి తిరుగుతుంటుంది, చావుతో ముడిపెట్టి. అది చదివి మీరు నిద్రపోలేదని అర్థమవుతోంది. ఆ పేరు చూసి బెదరకండి, ఇప్పుడు మందులూ ఆపరేషన్లూ ఉన్నాయి. సల్మాన్ ఖాన్ కూడా తనకి ఇదే నొప్పి ఉండేదని బాహాటంగానే చెప్పాడు, సర్జరీ చేయించుకుని సినిమాలు చేస్తూనే ఉన్నాడు, అమ్మకి ఆ మాట చెప్తే నా పేరాలన్నిటికంటే ఎక్కువ ధైర్యం వస్తుందేమో. అయినా నెలల తరబడి ఇంత నొప్పి పడ్డ మనిషి మనసు కుంగుతుంది, అది నాటకం కాదు. బతకాలని లేదు అనే మాట నోట వస్తే తేలిగ్గా తీసుకోకండి, ఒంటరిగా వదలకండి, అదే రోజు డాక్టరుకి చెప్పండి, ఏ వేళప్పుడైనా 14416కి ఫోన్ చెయ్యొచ్చు, టెలీ మానస్, ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో కూడా మాట్లాడతారు.

ఊరికి పంపాలా అన్నారు కదా. ఇప్పుడే వద్దు. మాత్ర మళ్ళీ మొదలై, డోసు కుదిరి, సోడియం పరీక్ష ఒకసారి చూసుకున్నాక పంపండి, అప్పుడు భయం లేదు. రైల్లో కిటికీ పక్క సీటు వద్దు, చెంపకి పలచటి గుడ్డ చుట్టుకుంటే చాలు. మాత్రలు నెలకి సరిపడా ఇక్కడే కొని పంపండి, అదే బ్రాండు, అదే రకం. ఇందులో మామూలుదీ, నిదానంగా కరిగే రిటార్డ్ రకమూ వేరువేరు, హిందూపురంలో అది లేదని ఇది ఇస్తే డోసు లెక్క తప్పుతుంది, రిటార్డ్ మాత్రని నలిపి నీళ్ళలో కలిపి ఇవ్వకూడదు కూడా. కొన్ని నెలలు నొప్పి అసలు లేకపోతే అప్పుడు డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గించుకుంటూ రావచ్చు, చాలామంది అలా మధ్యలో మాత్ర లేకుండానే బాగుంటారు, మళ్ళీ మొదలైతే చిన్న డోసుతో మళ్ళీ ఎక్కించుకుంటారు. బీపీ స్ట్రిప్ మీద పేరు చూసి నాకు రాయండి, హెచ్ ఉంటే డాక్టర్ని ఏమని అడగాలో చెప్తాను.